పొయ్యి ముట్టించక ముందే

పలాస అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ప్యాకెట్లో జీడిపప్పు. పక్కనే ఉన్న కాశీబుగ్గ బజారులో దుకాణాల ముందు విడిపోని గుండ్లు ఒక డబ్బాలో, బద్దలు ఒక డబ్బాలో, ముక్కలు మరో దాంట్లో పోసి ఉంటాయి. గుండ్ల మీద 180, 210, 240, 320 అని అంకెలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు అవి ధరలనుకుంటారు. ఒక పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయన్న లెక్క అది. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు, లావు పెరిగేకొద్దీ ధర. రైలు దిగినవాళ్లు ఈ లెక్క తెలిసినా తెలియకపోయినా కిలో, రెండు కిలోలు కట్టించుకుని వెళ్లిపోతారు.

ఆ అంకెల్లో దేనికీ ఒదగని పప్పు ఒకటుంది. ఫాల్గుణం, చైత్రం నెలల్లో పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల నుంచి వస్తుంది. పెంకు ఇంకా ఆకుపచ్చగానే ఉన్న లేత పిక్కను కోసి తీసిన పచ్చి జీడిపప్పు. దాన్ని ఎండబెట్టరు, వేయించరు, డబ్బాలో పెట్టరు. కూర వండుకుంటారు. పలాస లోకానికి అమ్మేది ఒకటి, పలాస ఇళ్లు ఏడాదంతా ఎదురుచూసి తినేది ఇంకొకటి.

ఈ వ్యాసం ఆ కూర గురించి, దానితోపాటే వచ్చే పనసపొట్టు గురించి, వానాకాలం చివర్లో వచ్చే రొట్టె గురించి. ఈ మూడూ నాకు ఒకే ఇంట్లో, ఒకే చేతి కింద చూసే అవకాశం దొరికింది. ఆ వండే ఆవిడని నేను పిన్నీ అంటాను, ఆవిడ నన్ను బావు అంటుంది. పేరు రాస్తానంటే ఊళ్లో నవ్వుతారని ఒప్పుకోలేదు. వంటల పోటీలకు వెళ్లిన మనిషి కాదు, పుస్తకం చూసి వండే మనిషీ కాదు. ఆవిడ వంట చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే. మనం పొగడ్తలన్నీ తాలింపుకీ మసాలాకీ ఇచ్చేస్తాం. అసలు నేర్పంతా పొయ్యి ముట్టించక ముందే, కత్తి దగ్గర, రోలు దగ్గర ఖర్చయిపోతుంది.

పచ్చి జీడిపిక్కతోనే మొదలుపెడదాం. ఇది చాలా పొగరుమోతు కాయ. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో మన దేశానికి తెచ్చిన చెట్టు. మామిడి, నల్లజీడి దీని బంధువులు. నల్లజీడి సొన ఒంటికి తగిలితే పొక్కుతుందని మన పల్లెల్లో చిన్నపిల్లలకైనా తెలుసు. ఆ గుణమే దీనికీ ఉంది. పెంకు రెండు పొరల మధ్య గుల్లగా ఉండే భాగంలో ఘాటైన నూనె నిండి ఉంటుంది. చర్మానికి అంటితే కాలినట్టు మచ్చ పడి, తోలు ఊడుతుంది. ఫ్యాక్టరీలో అయితే పిక్కలను ముందు ఆవిరి మీద ఉడికిస్తారు. పూర్వం డ్రమ్ముల్లో కాల్చేవారు. వేడికి పెంకు లొంగుతుంది, తర్వాత పగలగొట్టి, పప్పు ఆరబెట్టి, పొర ఒలిచి, సైజులు వేరు చేస్తారు. అయినా పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడే ఉంటాయి. ఇంట్లో కూరకు తీసే పచ్చి పిక్కకు ఆ ఆవిరి సాయం కూడా లేదు. పచ్చిగానే కోయాలి.

పిన్ని పని వరస చూడండి. ముందు రెండు చేతులకూ మణికట్టు దాకా కొబ్బరి నూనె పట్టిస్తుంది. కత్తికి కూడా. పక్కన ఒక చట్టిలో బూడిద, ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు. పిక్కను వంపు పైకి వచ్చేలా నిలబెట్టి, నిలువుగా ఒక్క దెబ్బ. అటూ ఇటూ నరకడం ఉండదు. కత్తి రెండోసారి పడితే పెంకులోని సొన పప్పు మీదికి చిందుతుంది, ఆ పప్పు ఇక చేదే. రెండు చెక్కలయ్యాక వెదురు పుల్ల మొనతో పప్పు బద్దను కిందినుంచి ఎత్తుతుంది. వేలితో లాగదు. పుల్ల పప్పుకూ పెంకుకూ మధ్య దూరుతుంది, పెంకు లోపలికి గుచ్చుకోదు. లేచిన బద్ద నేరుగా నీళ్లలో పడుతుంది. నూనె, బూడిద, నీళ్లు ఎక్కడున్నాయో చూడకుండానే ఆవిడ చేతులు వెళ్లివస్తుంటాయి. నాకు ఒక పిక్క ఇమ్మంటే ఇచ్చింది కాదు. "సొన తగిల్తే రేపు కలం పట్టలేవు బావు" అంది.

ఏ పిక్క కోయాలన్నది ఇంకో విద్య. జీడిమామిడిలో ముందు పెరిగేది పిక్క, పండు తర్వాత. కాయ పట్టిన నెలకో, నెలా పది రోజులకో పిక్క తన పూర్తి సైజుకు చేరుతుంది, అప్పటికి పండు ఇంకా వేలెడంత కూడా ఉండదు. ఆ తర్వాతే పండు ఉబ్బుతుంది, పిక్క గట్టిపడుతూ కాస్త కుదించుకుపోతుంది కూడా. అంటే పచ్చి పిక్క ఎండు పిక్క కన్నా పెద్దది. కొత్తవాళ్లు దాని సైజు చూసి ముదిరిందనుకుని మోసపోతారు. పిన్ని సైజు చూడదు, పెంకు రంగు చూస్తుంది. ఆకుపచ్చ బూడిద రంగులోకి తిరగడం మొదలెట్టిందంటే పక్కన పడేస్తుంది. మరీ లేతదైతే లోపల పప్పు కట్టదు, నీరే. ఈ రెంటికీ మధ్య ఉన్న కొద్ది రోజులే కూర కాలం.

నీళ్లలో నానిన బద్దల మీది పొర వేళ్ల మధ్య రుద్దితే జారిపోతుంది. వేడి నీళ్లు పోస్తే ఇంకా త్వరగా వస్తుంది కానీ పప్పు అంచులు మెత్తబడతాయని పిన్ని గోరువెచ్చని నీళ్లతోనే సరిపెట్టి, గంట సేపు ఓపిక పడుతుంది. తీరా చేతుల్లోకి వచ్చేది పాలలాంటి తెల్లటి, మెత్తటి బద్ద.

ఇంత చేశాక కూర చెప్పడానికి రెండు మూడు వాక్యాలు చాలు. కాస్త నూనెలో ఆవాలు, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిర్చి. ఉల్లి మెత్తబడ్డాక బద్దలు, పసుపు, ఉప్పు, అవి మునిగీ మునగనంత నీళ్లు. దించే ముందు కొబ్బరి కోరు. ధనియాల పొడి లేదు, అల్లం వెల్లుల్లి లేదు, టమాటా లేదు. పచ్చి పప్పులో ఉన్న పిండి పదార్థమే ఉడుకుతూ నీళ్లను చిక్కబరుస్తుంది, వేరే ముద్ద అక్కర్లేదు. తింటే ఉడికిన పనసపిక్కకీ వెన్నకీ మధ్య ఎక్కడో ఉంటుంది. జాతీయ రహదారి పక్కన హోటళ్లలో ఎండు గుండ్లు నానబెట్టి, టమాటా గ్రేవీలో మీగడ పోసి జీడిపప్పు కర్రీ అని వడ్డిస్తారు. దానికీ దీనికీ పేరు ఒక్కటే చుట్టరికం. ఆ గ్రేవీలో జీడిపప్పు తీసేసి ఇంకేం వేసినా రుచి మారదు. ఇక్కడ ఒక్క గరిట మసాలా పడితే కూర పోతుంది.

ఉప్పు సంగతి ఒకటి చెప్పాలి. పిన్ని వంటింట్లో ఉండేది రాళ్లుప్పు. టెక్కలికి దగ్గర్లోని నౌపడ వద్ద ఉప్పు మడులు ఇప్పటికీ రైలు కిటికీలోంచి కనిపిస్తాయి.  పర్లాకిమిడి రాజులు 1900లో నౌపడ నుంచి తమ ఊరికి చిన్న రైలు మార్గం వేసుకున్నారు. కొండ ప్రాంతానికి ఉప్పు ఎక్కించిన దారుల్లో అదొకటి. పిన్ని ఉప్పును కూరలో నేరుగా వెయ్యదు. గిన్నెలో నీళ్లలో కరిగించి, అడుగున ఇసుక నిలిచాక పైతేట పోస్తుంది.

పచ్చి జీడిపప్పు వచ్చే రోజుల్లోనే పనసకాయ కూడా లేతగా దొరుకుతుంది. ఉద్దానం పనసకు పెట్టింది పేరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకే తోటలో కలిసి పెరుగుతాయి. పెరిగిన కాయలు లారీల్లో ఒడిశాకూ ఆ పైకీ పోతాయి. ఇంట్లో వండేది మాత్రం గింజ కట్టని లేతకాయ. పొట్టు కొట్టడానికి కాయను ఎంచడంలో పిన్ని పద్ధతి తట్టి చూడడం కాదు, గోరు దింపడం. ముళ్ల మధ్య గోరు దిగి పాలు వెంటనే ఊరితే తీసుకుంటుంది. గోరు ఆగితే లోపల తొనలు కట్టేశాయి, అది పొట్టుకు పనికిరాదు, ముక్కల కూరకు పోవాలి.

పనస పాలు జిగురు. మళ్లీ నూనె, మళ్లీ చేతులకూ కత్తికీ. పై చెక్కు మందంగా తీసేస్తుంది, పొదుపు చూడదు. పలచగా తీస్తే ముళ్ల మొదళ్లు మిగిలి, నమిలితే పీచు తగులుతుంది. మధ్యలో గట్టి దుంపు తీసి పడేసి, మిగిలిన కండను చెక్క మీద పెట్టి కొట్టడం మొదలెడుతుంది. పొట్టు కొట్టడం అనే మాట ఉత్తినే రాలేదు. తరగడం వేరు, కొట్టడం వేరు. బరువైన కత్తి దాని బరువుతోనే పడాలి, మణికట్టు దాన్ని లేపడానికే. ముందు నిలువుగా ఒక విడత, చెక్క తిప్పి అడ్డంగా ఒక విడత, మళ్లీ పోగు చేసి ఇంకో విడత. గోరు కొనంత ముక్కలు, అన్నీ దాదాపు ఒకే తీరున. ఒకే తీరున ఎందుకుండాలంటే, పెద్దవి ఉడికేసరికి చిన్నవి ముద్దయిపోతాయి కాబట్టి. విశాఖపట్నం కూరగాయల బజార్లలో కొట్టిన పొట్టు కవర్లలో అమ్ముతారు. ఆ సౌకర్యాన్ని తప్పుపట్టను, నేనూ కొనుక్కున్నాను. కానీ కొట్టి గంటలు గడిచిన పొట్టు నల్లబడుతుంది, అందులో చెక్కు ముక్కలూ దుంపు ముక్కలూ కలిసి ఉంటాయి.

పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, గుడ్డలో వేసి పిండుతుంది. కుక్కరు వాడదు. రెండో కూత వచ్చేసరికి పొట్టు ముద్దవుతుందట, నిజమే. తాలింపులో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు, జీడిపప్పు ముక్కలు. ఇక్కడ గుండ్లు వెయ్యరు. ఊరిలో దొరికే సరుకే అయినా నేను చూసిన వంటిళ్లలో ముక్కలే, బద్దలే. చింతపండు రసం ఉడికి దగ్గరపడ్డాక పిండిన పొట్టు వేసి, కలిపి, దించేస్తుంది.

ఇప్పుడు ఆవ. ఉత్తరాంధ్ర వంటకు ఇది సంతకం, ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఆవగింజలో ఘాటు ముందే ఉండదు. గింజ నలిగి నీరు తగిలినప్పుడు లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి ఘాటు పుడుతుంది. అందులో ఒకటి వేడికి చచ్చిపోయే ఎంజైము, పుట్టిన ఘాటేమో వేడికి ఎగిరిపోయే రకం. కాబట్టి నూరేటప్పుడు వేడి నీళ్లు పోసినా, నూరిన ఆవ మరిగే కూరలో వేసినా మిగిలేది చేదే. పిన్నికి ఈ రసాయన శాస్త్రం ఎవరూ చెప్పలేదు. ఆవిడ చేసేది మాత్రం అక్షరాలా ఇదే. ఆవాలు, ఒక ఎండుమిర్చి, రాళ్లుప్పు రోట్లో వేసి చన్నీళ్లు చిలకరిస్తూ నూరుతుంది, ముక్కుకు ఘాటు తగలగానే ఆపేస్తుంది. కూర గిన్నెను కింద పెట్టి, మూత తీసి, చెయ్యి పెట్టి చూస్తుంది. గోరువెచ్చన దాటి చల్లబడితేనే ఆవముద్దను పచ్చి నూనెలో కలిపి కూరకు పట్టిస్తుంది. ఆకలితో ఉన్నవాడికి అది పొడుగాటి నిరీక్షణ. పెట్టిన పూట కన్నా మర్నాడు పొద్దున ఆ కూర బాగుంటుంది. పులుపూ ఘాటూ పొట్టులోకి దిగడానికి ఆ రాత్రి కావాలి.

రొట్టె దగ్గర మాత్రం నా సిద్ధాంతం తలకిందులవుతుంది. ఇక్కడ కత్తి పని లేదు, అంతా నిప్పు పని.

మనకు కాల్చే వంట లేదని, అది బేకరీలతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. మినపరొట్టె తిన్నవాళ్లు ఆ మాట అనకూడదు. పొట్టు మినప్పప్పు ఒక వంతు, బియ్యం నూక రెండు వంతులు. పప్పు గట్టిగా రుబ్బి నూక కలిపిన పిండిని, నూనె బాగా పోసిన మందపాటి ఇనప మూకుట్లో మూడు వేళ్ల మందాన పోస్తారు. కింద సన్నటి సెగ. పైన మూత, మూత మీద నిప్పులు. పైనా కిందా నిప్పు పెట్టి, మధ్యలో ఆవిరి బయటికి పోకుండా కాల్చడమే కదా పొయ్యి లోపల రొట్టె కాల్చడమంటే. అడుగు ఎర్రగా కరకరలాడాలి, నడుమ ఇడ్లీలా కాక కాస్త గట్టిగా, గుల్లగా ఉండాలి.

భాద్రపదంలో ఇదే మూకుట్లోకి తాటిపండు వస్తుంది. చెట్టు కింద రాలిన నల్లటి పండును ఒలిచి, టెంకల చుట్టూ ఉన్న పీచును బోర్లించిన బుట్ట మీద రుద్ది గుజ్జు తీస్తారు. నీళ్లు ఎంత తక్కువ తగిలితే అంత మంచిది. తాటి గుజ్జులో సహజంగానే ఒక చేదు పదార్థం ఉంటుంది, చెట్టును బట్టి ఎక్కువ తక్కువలు. ఏ గట్టు మీది చెట్టు చేదో, ఏది తీపో పిన్నికి కంఠతా వచ్చు. చేదు చెట్టు పండు ఎంత ఎర్రగా ఉన్నా ముట్టుకోదు. గుజ్జును కాసేపు ఉడికించి చల్లార్చి, బియ్యం నూక, బెల్లం, కొబ్బరి కోరు కలిపి నానబెడుతుంది. మూకుడు అడుగున నూనె రాసిన అరిటాకు పరిచి, పిండి పోసి, పైన ఇంకో ఆకు కప్పుతుంది. బెల్లం ఉన్న పిండి తొందరగా మాడుతుంది, ఆకు ఆ మంటకు అడ్డు. గుజ్జు తీసిన టెంకలు పారెయ్యరు, పెరట్లో పాతర వేస్తారు. సంక్రాంతి నాటికి అవి తేగలు.

నిప్పుకు పిన్ని వాడేది కట్టె కాదు, కొబ్బరి చిప్పల బొగ్గు. రగిలాక పొగ రాదు, మంట లేవదు, ఒకే తీరు వేడి చాలాసేపు నిలుస్తుంది. కింద మూడు వంతులు, మూత మీద ఒక వంతు అని మొదలెట్టి, సగం కాలాక కింది నిప్పులు పటకారుతో తీసి పైకి ఎక్కిస్తుంది. ఎప్పుడు తీయాలో అడిగాను. అంచులు మూకుడును వదిలి లోపలికి ముడుచుకునే వరకు మూత తీయకూడదట. మూత తీయకుండా అది ఎలా తెలుస్తుందంటే, వాసన మారుతుందట. "అది పిలుస్తాది బావు, మనం పిలవకూడదు." గ్యాసు పొయ్యి మీద కూడా ఆవిడ చేస్తుంది. మూకుడు కింద పాత ఇనప పెనం పెట్టి, సన్న సెగన, ఒకసారి తిరగేసి. బాగానే వస్తుంది. పై పెచ్చు మాత్రం బొగ్గుల రొట్టెకున్నంత సమంగా రాదు.

ఈ రొట్టెకు సరిహద్దు అవతల అక్కచెల్లెలు ఉంది. ఒడిశాలో జూన్ మధ్యలో వచ్చే రజ పండగకు పొడ పిఠా చేస్తారు. బియ్యం, మినుములు రుబ్బిన పిండిలో బెల్లం, కొబ్బరి, అల్లం వేసి ఆకుల మధ్య పెట్టి సన్న నిప్పుల మీద రాత్రంతా కాలుస్తారు. 1936 దాకా ఈ ప్రాంతమంతా గంజాం జిల్లా. ఒరిస్సా విడిపోయినప్పుడు టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ఇటు మిగిలాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. గీత కాగితం మీద పడింది, మూకుడు మీద పడలేదు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారని తవ్వడం నాకు ఇష్టం లేదు. కొబ్బరి, తాడి, బియ్యం ఉన్న తీరమంతా ఈ రొట్టె ఏదో ఒక పేరుతో ఉంటుంది.

పిన్ని చేతి పనిని పొగిడి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఈ వంటకు ముడిసరుకు బజారు కాదు, చెట్టు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్లు. ఒక్క రాత్రిలో ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. అంటు జీడిమొక్క మూడో ఏటికి కాపు మొదలెడుతుంది, పొడుగు రకం కొబ్బరికి ఆరేడేళ్లు, విత్తనం నాటిన పనసకు ఇంకా ఎక్కువ. పిన్నికి గోరు దింపి చూసే పనస చెట్లు పెరట్లో రెండుండేవి. తుపాను తర్వాత కొన్నేళ్లు కాయ కొని తేవాల్సివచ్చింది. కొన్న కాయ ఎప్పుడు కోశారో తెలియదు కాబట్టి ఆ కొన్నేళ్లూ ఆవిడ పొట్టు కూర చుట్టాలకు పెట్టలేదు, ఇంట్లోకే చేసుకుంది. తన పని మీద తనకున్న లెక్క అది. మళ్లీ నాటిన మొక్కల్లో జీడి ముందుగా కాపుకొచ్చింది.

ఉద్దానం వంట మీద రాసేవాళ్లు ఎక్కువగా జీడిపప్పు పాకం దగ్గరా, పనస తాండ్ర దగ్గరా ఆగిపోతారు. అవి నిలవుంటాయి, ఊరు దాటతాయి, కాబట్టి అందరికీ తెలుస్తాయి. పచ్చి జీడిపప్పు కోసిన రోజే వండాలి. మర్నాటికి రంగు మారుతుంది, మూడో రోజుకు పులుపు పడుతుంది. పొట్టు కొట్టిన పూటే పొయ్యి ఎక్కాలి.  మార్చి, ఏప్రిల్ నెలల్లో పలాసలో దిగే పని పడితే దుకాణంలో 240 గుండ్లు కట్టించుకోండి, కాదనను. అంతకు ముందు కాశీబుగ్గలో తెలిసినవాళ్ల ఇల్లు ఒకటి వెతుక్కుని, పచ్చి పప్పు కూర ఉందా అని మొహమాటపడకుండా అడగండి. ఉంటే పెడతారు.